శాస్త్ర సదస్సులకు ప్రభుత్వ గ్రాంటు: దరఖాస్తు చేయు విధము
(సంఘ కార్యవర్గములకు, కళాశాలలలో చదువుచున్న మన పిల్లలకు ఒక పాఠము)

పడుగు పోసిన తరువాత పోగులు లెక్కపెట్టుట మన ఇండ్లలో ఎవరును చేయరు. ముందు లెక్క, తరువాత పడుగు. సభల విషయములో మాత్రము మన సంఘములు దీనికి తలక్రిందులుగా నడచుచున్నవి. ముందు తేదీ, పందిరి, ఆహ్వాన పత్రిక. అన్నియు అయిన పిమ్మట డబ్బు ఎక్కడనుండి వచ్చునను ఆలోచన.

ఇది ఇతరులను ఎత్తిపొడుచుటకు వ్రాసినది కాదు. నేను కార్యదర్శిగా నున్న కాలములో మా ఊరి సంఘమే ఈ తప్పు చేసినది. మగ్గము పనివారి ఆరోగ్యమును గూర్చి ఒక శాస్త్ర సదస్సు జరుపవలెనని తీర్మానించితిమి. ఉద్దేశము మంచిదే. సదస్సునకు ఇంక ఇరువది రోజులున్నదనగా, అధ్యక్షుని సంతకముతో ఒక ప్రభుత్వ కార్యాలయమునకు ఉత్తరము వ్రాసితిమి. అందులో చేనేత ఎంత ప్రాచీనమైనదో రెండు పుటలు, మా కష్టములు ఒక పుట, చివర “ఉదారముగా సహాయము చేయ ప్రార్థన” అని ఒక వాక్యము. ఎంత కావలెనో వ్రాయలేదు. దేనికి కావలెనో వ్రాయలేదు. సభ ముగిసి పందిరి విప్పిన తరువాత జవాబు వచ్చినది: దరఖాస్తు అర్హతగల సంస్థ ద్వారా రాలేదు, గడువులో రాలేదు, కనుక పరిశీలింప వీలులేదు అని. సభ్యులు ప్రభుత్వముపై కోపగించిరి. నేనును కోపగించితిని. నాలుగు దినములు గడచిన తరువాత ఆ జవాబును మరల చదువగా, అందులో ఒక్క మాటయు అన్యాయముగా కనబడలేదు.

రెండవమారు ఎట్లు నడచినదో చివర చెప్పెదను. ఈలోపల ఆ పని నేర్పిన పాఠమును వరుసగా వ్రాయుచున్నాను.

1. శాస్త్ర సదస్సు మనకేల?

మన వార్షిక మహాసభ వేరు, శాస్త్ర సదస్సు వేరు. మహాసభలో మన కోరికలు చెప్పుకొందుము, తీర్మానములు చేయుదుము. శాస్త్ర సదస్సులో ఒక ప్రశ్నను ముందుంచుకొని, దానిపై పరిశోధన చేసినవారు తాము కొలిచినది, చూచినది పదిమంది ఎదుట చెప్పుదురు. ఆ పదిమందియు దానిని తరచి చూతురు. ఎక్కడ పొరపాటున్నదో, ఏది ఇంకను తెలియలేదో అక్కడ తేలును.

మగ్గము చుట్టును ఇట్టి ప్రశ్నలు ఎన్నియో కలవు. గుంట మగ్గములో ఇరువది, ముప్పది ఏండ్లు కూర్చున్నవాని నడుము, మోకాళ్లు ఏమగును? సాంచాల షెడ్డులో రోజంతయు ఆ మోత వినువాని చెవి ఎంత కాలము పనిచేయును? ప్రత్తి దుమ్ము పీల్చువారికి సెలవు తరువాత పనిలో చేరిన మొదటి దినమున ఛాతీ పట్టివేయు జబ్బు ఒకటి కలదు. దానిని వైద్యులు బిస్సినోసిస్ అందురు. అది మన ఊళ్లలో ఎందరికున్నది? చెట్ల చెక్కలనుండి, పూలనుండి తీసిన రంగు ఎన్ని ఉతుకులకు నిలుచును? రంగు వేసిన నీరు బావిలోనికి దిగకుండ చేయుటెట్లు? వీనిలో ఏ ఒక్కటియు ఉపన్యాసముతో తీరదు. కొలత కావలెను.

అయితే ప్రశ్న ఎక్కడ పుట్టును? పనిచేయు ఇంటిలో పుట్టును. దీనికి మనవారిలోనే సాక్ష్యము కలదు. ఆలేరు ప్రాంతమునకు చెందిన శ్రీ చింతకింది మల్లేశముగారు చిన్ననాడే బడి మానినవారు. చిటికి చీరెలకు ఆసు పోయుటలో తల్లి రోజుకు వేలకొలది మారులు చేయి త్రిప్పి భుజము నొప్పితో బాధపడుట చూచి, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసిరి. తల్లి పేరుననే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. భుజము నొప్పి అను ప్రశ్న ఆయనకు ఏ గ్రంథాలయమునను దొరకలేదు. అది వంటయింటి ప్రక్కన దొరకినది.

అందువలన శాస్త్ర సదస్సునకు మనము విరాళమిచ్చి వెనుక వరుసలో కూర్చుండువారముగా కాక, ప్రశ్న తెచ్చువారముగా పోవలెను. ప్రశ్నను తెచ్చుటకు దరఖాస్తు వ్రాయునపుడే మనము ఉండవలెను. ఈ పాఠములోని సారము ఇదియే.

2. ఇచ్చువారెవరు?

కేంద్ర ప్రభుత్వములో శాస్త్ర సదస్సులకు సహాయము చేయుచు వచ్చిన సంస్థలు కొన్ని కలవు. వీనిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది, అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము ఏర్పడి, 2024 ఫిబ్రవరి 5 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు అను పేరుతో 2008 నాటి చట్టము క్రింద ఒక మండలి ఉండి, సెమినార్లకు, సింపోజియములకు కొంత సహాయము చేయుచుండెడిది. ఆ బోర్డు ఇప్పుడు ఫౌండేషనులో కలసిపోయినది. కనుక పాత ఫైళ్లలోని ఫారములు, పాత చిరునామాలు చూచి దరఖాస్తు వ్రాయరాదు.

రెండవది, 1942లో స్థాపింపబడిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అనగా సి.ఎస్.ఐ.ఆర్. రంగుల రసాయనము, నూలు గుణము, నీటి శుద్ధి వంటి విషయములు దీని పరిధిలోనివి.

మూడవది, భారత వైద్య పరిశోధన మండలి, అనగా ఐ.సి.ఎం.ఆర్. నడుము, చెవి, ఊపిరితిత్తులు, కన్ను ఇత్యాది ఆరోగ్య విషయములకు ఇది తగినది. వృత్తి రోగములను గూర్చి పరిశోధించు జాతీయ సంస్థ ఒకటి అహమ్మదాబాదులో ఈ మండలి క్రిందనే కలదు.

ఇవిగాక ఆయా రాష్ట్రములలో విజ్ఞాన సాంకేతిక మండలులో, ఆ పని చూచు శాఖలో ఉన్నవి. ఇక్కడ మన వారికి ఒక చిక్కు వచ్చును. భాష తెలుగైనను మనము ఉండు రాష్ట్రము వేరు. షోలాపురము, భివండీలవారు మహారాష్ట్ర సంస్థను అడుగవలెను, సేలము, కోయంబత్తూరులవారు తమిళనాడు మండలిని, బళ్లారివారు కర్ణాటకను, బరంపురమువారు ఒడిశాను. యానాము చుట్టును ఆంధ్ర ప్రాంతమే యైనను పాలన పుదుచ్చేరిది. కనుక వారు పుదుచ్చేరినే అడుగవలెను. ప్రక్క ఊరి కాకినాడలో విచారించి కాలము పోగొట్టుకొనరాదు.

పథకములు మారుచుండును. ఒక ఏడు తెరచి, మరొక ఏడు ఆపుదురు. అందువలన ఏ సంస్థయైనను ఆ సంవత్సరపు ప్రకటనను చూచి, అందులోని నియమములను ఒకరు బిగ్గరగా చదువగా కార్యవర్గము వినవలెను. సగము దరఖాస్తులు నియమములు చదువకపోవుటవలననే చెడుచున్నవని నా అనుభవము.

3. అడుగదగినవారెవరు?

ఈ సంస్థలు సామాన్యముగా విశ్వవిద్యాలయములకు, కళాశాలలకు, పరిశోధనాలయములకు, రిజిస్టరు అయిన శాస్త్ర సంఘములకు గ్రాంటు ఇచ్చును. వృత్తి సంఘము ఎంత పెద్దదైనను, శాస్త్ర సదస్సు నడపు యోగ్యతను దానికి చూపుట కష్టము. దీనిలో అవమానమేమియు లేదు. అద్దకమువాడు నేయడు, నేతగాడు అద్దడు. ఇద్దరు కలిసిననే చీరె వచ్చును.

కనుక మొదటి పని, తోడు వెదకుట. మనము ఉన్న ప్రాంతములలోనే ఇందుకు తగిన సంస్థలు కలవు. సేలములో 1960లో స్థాపింపబడిన చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. ఒడిశాలోని బర్‌గఢ్‌లో అట్టిదే ఒకటి ఉన్నది. కర్ణాటకలో గదగ్-బెటగేరిలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. ఇచల్‌కరంజీలో వస్త్ర, ఇంజనీరింగు కళాశాల ఉన్నది. కోయంబత్తూరులో దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘము, సిట్రా, 1956 నుండి పనిచేయుచున్నది. పట్టు విషయమైనచో బెంగుళూరులోని కేంద్ర పట్టు మండలి పరిశోధనాలయమువారిని సంప్రదింపవచ్చును. ఇవేగాక మీ ఊరి వైద్య కళాశాలలో ఎముకల వైద్యుడో, ఇంజనీరింగు కళాశాలలో ఒక ఆచార్యుడో ఈ పనిపై ఆసక్తి కలవాడై యుండవచ్చును.

ఇంకొక దారి మన ఇంటిలోనే ఉన్నది. మన పిల్లలు ఈనాడు ఈ కళాశాలలలో చదువుచున్నారు, కొందరు పరిశోధనయు చేయుచున్నారు. మనకు తెలుగు, వారికి ఆ రాష్ట్రపు భాషయు ఇంగ్లీషును వచ్చును. దరఖాస్తులు సామాన్యముగా ఇంగ్లీషులోనే వ్రాయవలసి యున్నది. మన ప్రశ్నను ఆచార్యుని బల్లపైకి తీసికొనిపోగలవారు వారే.

కళాశాలవారిని కలిసినపుడు స్పష్టముగా మాటలాడవలెను. దరఖాస్తు కళాశాల పేరున, సదస్సు సంచాలకుడు కళాశాలలోని ఆచార్యుడు, మన సంఘము సహకార సంస్థ. సంఘము చేయు పని ఏమి, ఇచ్చు ధనమెంత, కార్యక్రమములో మనవారికి ఏ వేళ కేటాయింతురు అను మూడింటిని ఒక కాగితముమీద వ్రాసికొని ఉభయులు సంతకములు చేయవలెను. నోటిమాట స్నేహమునకు చాలును, లెక్కకు చాలదు.

4. ఎప్పుడు అడుగవలెను?

దరఖాస్తులను పరిశీలించు నిపుణుల సమితి తనకు కుదిరినపుడు కూడును, మన సభ తేదీని చూచి కూడదు. నెలలు పట్టుట సహజము. జరిగిపోయిన సభకు డబ్బు వచ్చునని ఆశింపరాదు. కనుక తొమ్మిది నెలలు ముందుగా మొదలుపెట్టుట మంచిదని నా సలహా.

సదస్సు జనవరిలో అనుకొందము. అంతకు ముందరి ఏప్రిలులో ప్రశ్నను నిర్ణయించి, తోడు సంస్థను ఒప్పించవలెను. మే నెలలో వక్తలకు వ్రాసి, వచ్చెదమను వారి అంగీకార పత్రములు తెప్పించవలెను. జూనులో ఖర్చు అంచనా, సంస్థాధిపతి సంతకము. జూను చివరగాని, ప్రకటనలోని గడువు అంతకన్న ముందున్నచో దానికి ముందుగాని, దరఖాస్తు పంపవలెను. సెప్టెంబరు దాటినను జవాబు రానిచో, గ్రాంటు రాకున్నను జరుపగల చిన్న సదస్సు ఎట్లుండవలెనో అప్పుడే నిర్ణయించుకొనవలెను. గ్రాంటు వచ్చిననే బ్రతుకు సభను తలపెట్టరాదు.

5. దరఖాస్తునకు ప్రాణము: ప్రశ్న

ఫారములో అడుగు విషయములు చాలవరకు ఒకటే. సదస్సు పేరు, తేదీలు, స్థలము, సంచాలకుని అర్హతలు, ఉద్దేశము, కార్యక్రమము, వక్తల పట్టిక, వచ్చువారి సంఖ్య, ఖర్చు, రాబడి, ఇతరులనుండి అడిగిన సహాయము, పూర్వము జరిపిన సభలు, వాని లెక్కలు. వీనిలో తక్కినవన్నియు ఒక గుమాస్తా నింపగలడు. “ఉద్దేశము” అను గడి మాత్రము ఆలోచించి నింపవలెను. పరిశీలకులు మొదట చదువునది అదియే.

మేము మొదటిమారు వ్రాసినది ఇట్లుండెను: “మన చేనేత కళ అతి ప్రాచీనమైనది. దేశదేశములందు ఖ్యాతి గాంచినది. నేడు నేతగాండ్రు అనేక ఇక్కట్లకు గురియగుచున్నారు. వారి ఆరోగ్యమును గూర్చి చర్చించుటకు పెద్దలందరును విచ్చేయుచున్నారు.” ఇందులో అబద్ధమేమియు లేదు. కాని ఇది చదివిన పరిశీలకునికి మేము ఏమి తెలిసికొనదలచితిమో తెలియదు. ఇదే వాక్యమును మగ్గమునకు బదులు కుమ్మరి సారెకు వ్రాసినను సరిపోవును. ఎక్కడనైనను సరిపోవు వాక్యము ఎక్కడను పనికిరాదు.

రెండవమారు ఆచార్యునితో కూర్చుండి వ్రాసినది ఇట్లుండెను: “గుంట మగ్గముపై పనిచేయువారిలో నడుము నొప్పి, మోకాలి నొప్పి విస్తారముగా ఉన్నట్లు చెప్పుకొందురు. కూర్చుండు పలక ఎత్తును, వాలును మార్చినచో ఈ నొప్పి తగ్గునా? వివిధ ప్రాంతములలో ఈ విషయమై కొలతలు తీసినవారు ఒకరి పద్ధతి నొకరు ఎరుగరు. వారిని ఒకచోట చేర్చి, ఇకముందు అందరును ఒకే విధముగా కొలుచుటకు ఒక పద్ధతిని కుదుర్చుట ఈ సదస్సు ఉద్దేశము. 40 మంది నేతపనివారు పాల్గొని ఆ పద్ధతిని తమ మగ్గములపై పరీక్షించి చూపుదురు.”

ఈ రెంటికిగల భేదమును గమనింపుడు. రెండవదానిలో ప్రశ్న ఉన్నది. ఇంతవరకు తెలిసినదేమి, తెలియనిదేమి ఉన్నది. ఉత్తరములతో జరుగని పని సభలో ఎట్లు జరుగునో ఉన్నది. సభ ముగిసిన తరువాత చేతిలో మిగులు వస్తువేమో ఉన్నది. ఈ నాలుగును లేని దరఖాస్తు ఎంత అందముగా టైపు చేసినను నిలువదు.

వక్తల పట్టికయు ఇట్లే ఉండవలెను. పేరుగల పెద్దలను పదిమందిని వ్రాసి, వారిలో ఒక్కరికైనను ఉత్తరము వేయకుండుట మన అలవాటు. పరిశీలకులలో ఒకరు ఆ పెద్దలలో ఒకరిని ఎరిగియుందురు. అడిగినచో “నాకేమియు తెలియదు” అను జవాబు వచ్చును. అంగీకరించిన ఆరుగురి పేర్లు, అంగీకరింపని ఇరువదిమంది పేర్లకన్న బలము.

6. ఖర్చు అంచనా

గ్రాంటు సామాన్యముగా మొత్తము ఖర్చునకు రాదు, ఒక భాగమునకే వచ్చును. యువ పరిశోధకుల ప్రయాణము, వ్యాసముల సంపుటి అచ్చు వంటి వానికి ఇచ్చుటకు సంస్థలు ఇష్టపడును. శాలువలు, పూలదండలు, జ్ఞాపికలు, వినోద కార్యక్రమములు ప్రభుత్వ ధనములో చూపరాదు. అవి కావలసినచో మన చందాలనుండి చేసికొనవలెను.

ఉదాహరణకు రెండు దినముల సదస్సునకు ఒక లెక్క వేసి చూపుచున్నాను. అంకెలు పాఠము కొరకు ఊహించినవి. మీ ఊరి ధరలనుబట్టి మార్చుకొనవలెను.

ఖర్చు: వక్తల ప్రయాణము, బస 1,20,000 రూపాయలు. యువ పరిశోధకుల ప్రయాణము, బస 90,000. నేతపనివారి ప్రయాణము, రెండు దినముల కూలి నష్టము 40,000. వ్యాసముల సంపుటి, తెలుగు కరపత్రము అచ్చు 60,000. హాలు, పరికరములు 40,000. భోజనములు 50,000. మొత్తము 4,00,000.

రాబడి: ప్రతినిధుల రుసుము 80,000. కళాశాల 70,000. మన సంఘము 50,000. ప్రభుత్వమును కోరునది 2,00,000. మొత్తము 4,00,000.

ఇంతటితో సరిపోదు. కోరిన 2,00,000 ఏయే పద్దులకో విడదీసి చూపవలెను: యువ పరిశోధకులకు 90,000, అచ్చునకు 60,000, వక్తల ప్రయాణములో 50,000. అట్లే మన సంఘపు 50,000లో 40,000 నేతపనివారికి, 10,000 వక్తల ప్రయాణమునకు. కళాశాల ఇచ్చు 70,000 హాలునకు, వక్తలకు; రుసుము భోజనములకు, వక్తలకు. ప్రతి రూపాయి ఏ జేబునుండి వచ్చి ఏ పద్దునకు పోవుచున్నదో తెలియవలెను.

నేతపనివారి కూలి నష్టమును ఒక పద్దుగా చూపుటను మరువరాదు. ఆచార్యుడు సభకు వచ్చినచో అతని జీతము ఆగదు. మన మనిషి రెండు దినములు మగ్గము దిగినచో ఆ రెండు దినములు పొయ్యి చూచుకొనవలెను. ఈ పద్దు లేని సదస్సులో నేతగాడు కనబడడు. కనబడినను మొదటి దినము మధ్యాహ్నమునకు వెడలిపోవును.

7. ధృవపత్రములు, అనుమతులు

కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లను 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములు శాసించుచున్నవి. వాని ప్రకారము సంస్థ నియమావళి, ఆడిటు అయిన లెక్కలు దరఖాస్తునకు జతపరచవలసి యుండును. ఇదే పనికి వేరొక ప్రభుత్వ శాఖనుండి గ్రాంటు పొందలేదని, అడుగలేదని ధృవీకరింపవలెను. కనుక రెండు సంస్థలను అడుగదలచినచో వేరువేరు పద్దులకు అడిగి, ఆ సంగతిని రెండు దరఖాస్తులలోను దాచక వ్రాయవలెను. ఒకే అచ్చు బిల్లును ఇద్దరికి చూపుట నేరము, బయటపడక మానదు.

కళాశాలకు కాక రిజిస్టరు అయిన స్వచ్ఛంద సంఘమునకు కేంద్ర ధనము రావలెనన్నచో, నీతి ఆయోగువారి దర్పణ్ పట్టికలో నమోదై సంఖ్య పొందియుండవలెను. విదేశీయులు వచ్చు సదస్సైనచో విదేశాంగ, హోం మంత్రిత్వ శాఖల అనుమతులు ముందుగా తెచ్చుకొనవలెను. మొదటిసారి జరుపువారు ఈ తలనొప్పి పెట్టుకొనక దేశములోని వారితోనే జరుపుట మేలు.

8. లెక్క అప్పగించుట

డబ్బు వచ్చినదని సంబరపడువారు పలువురు. లెక్క అప్పగించిన తరువాత సంబరపడువాడు తెలివిగలవాడు.

గ్రాంటునకు వేరు ఖాతా ఉంచవలెను. సంఘపు చందాలతో కలుపరాదు. ఏ పద్దునకు మంజూరైనదో ఆ పద్దునకే వాడవలెను. మార్చవలసి వచ్చినచో ముందుగా వ్రాసి అనుమతి పొందవలెను. ఖర్చయిన తరువాత జి.ఎఫ్.ఆర్. 12-ఎ అను ఫారములో వినియోగ ధృవపత్రము పంపవలెను. ఆర్థిక సంవత్సరము ముగిసిన 12 నెలలలోగా ఇది చేరవలెనని నియమము. గ్రాంటు ఇచ్చిన సంస్థ ఇంతకన్న ముందే అడిగినచో ఆ గడువే గడువు. గ్రాంటు బ్యాంకులో ఉన్నంతకాలము వచ్చిన వడ్డీ కూడ మనది కాదు. లెక్కలు ముగియగానే దానిని కేంద్ర ప్రభుత్వ ఖజానాకు జమచేయవలెను. మిగిలిన సొమ్మును త్రిప్పి పంపవలెను.

లెక్క విషయములో వివాదము వచ్చినచో ఎంత పాత సంస్థకైనను ఏమగునో ఈమధ్యనే చూచితిమి. భారత విజ్ఞాన కాంగ్రెసు మొదటి సభ 1914 జనవరిలో కలకత్తాలో జరిగినది. 105 మంది శాస్త్రజ్ఞులు వచ్చిరి. తరువాతి కాలములో మన తెలుగు నగరములలోను, 2006లో హైదరాబాదులో, 2008లో విశాఖపట్టణములో, 2017లో తిరుపతిలో ఆ సభ జరిగినది. కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ దీనికి ధనసహాయము చేయుచు వచ్చినది. 2023లో ఆ శాఖ ఆర్థిక అక్రమములు జరిగినవని ఆరోపించి సహాయమును ఉపసంహరించినది. సంఘమువారు ఆ ఆరోపణలను కాదనిరి. వ్యవహారము ఢిల్లీ హైకోర్టునకు పోయినది. 2024 జనవరి 3న మొదలు కావలసిన 109వ సభ ఆ తేదీలలో జరుగలేదు. ఎవరిది తప్పో చెప్పుట మన పని కాదు. నూరేండ్ల పేరున్న సభయైనను గ్రాంటు నిలిచినచో ఆగునని మాత్రము మనము నేర్చుకొనవలెను. మన చిన్న సంఘములకు ఒక్క లెక్క చెడినచో, తరువాత వచ్చు కార్యవర్గము కూడ తలెత్తి అడుగలేదు.

9. రెండవమారు జరిగినది

ఇక మా ఊరి సంగతి. రెండవమారు ఒక కళాశాల తోడుతో, పైన వ్రాసిన విధముగా, దరఖాస్తు పంపితిమి. కోరినదానిలో సగముకన్న తక్కువ మంజూరైనది. భోజనములు తగ్గించి, వక్తలను ఆరుగురినుండి నలుగురికి తగ్గించి, సదస్సు జరిపితిమి. నేతపనివారి పద్దు మాత్రము తగ్గింపలేదు. ఆ మాటపై కార్యవర్గములో రెండు గంటలు వాదము జరిగినది. నేడు తలచుకొన్నచో ఆ రెండు గంటలు వృథా కాలేదనిపించును.

రెండవ దినమున ఒక యువ పరిశోధకురాలు గుంట మగ్గముపై కూర్చున్నవారి నడుము వంపును కొలిచి, బొమ్మలతో చక్కగా చెప్పినది. ప్రశ్నలకు వేళ ఇచ్చినపుడు పెద్దలు ఒకరిద్దరు ఏదో అడిగిరి. వెనుక బల్లపైనుండి మా వీధిలో కండెలు చుట్టు ఒక వృద్ధురాలు లేచినది.

“తల్లీ, మగ్గం మీద కూసున్నోళ్ల నడుము కొలిచినావు, బాగుంది. తెల్లారినకాడినుంచి రాట్నం తిప్పి కండెలు చుట్టే మా భుజాలు ఎవరు కొలుస్తారు? మాది పని కాదా?” అని అడిగినది.

హాలులో కొందరు నవ్విరి. ఆ అమ్మాయి నవ్వలేదు. “పెద్దమ్మా, మేము కొలవలేదు. మాకు ఆ ఆలోచనే రాలేదు” అని చెప్పి, ఆ మాటను పుస్తకములో వ్రాసికొన్నది.

ఆ పెద్దమ్మ అడిగినది చిన్న ప్రశ్న కాదు. 2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణన ప్రకారము దేశములో చేనేత పనివారు 35.22 లక్షలు. అందులో నేయువారు సుమారు 26.73 లక్షలైతే, కండెలు చుట్టుట, పడుగు పోయుట వంటి అనుబంధ పనులు చేయువారు సుమారు 8.48 లక్షలు. మన ఇండ్లలో ఈ అనుబంధ పనులు ఎవరు చేయుచున్నారో వేరుగా చెప్పనక్కరలేదు. వారికి వేరు కూలి ఎందరు ఇచ్చుచున్నారో అదియు మనకు తెలియును. కొలువని నొప్పికి మందు దొరకదు. లెక్కకు రాని పనికి కూలి రాదు.

సదస్సు నివేదికలో “ఇంకను పరిశోధింపవలసినవి” అను శీర్షిక క్రింద మొదటి అంశముగా ఆ ప్రశ్న అచ్చయినది. తరువాతి దరఖాస్తులో ఉద్దేశము వ్రాయుటకు మాకు ఆలోచింపవలసిన పని లేకపోయినది. ఆ వృద్ధురాలు వచ్చినది 40,000 రూపాయల పద్దులోనిదే. ఆ పద్దు కొట్టివేసియున్నచో ఆ దినము ఆమె ఇంటివద్ద కండెలు చుట్టుచుండెడిది. ఆ ప్రశ్న సభకు వచ్చియుండెడిది కాదు.

మరువకూడనివి

ముందు ప్రశ్న, తరువాత తేదీ.
అర్హతగల విద్యాసంస్థ తోడు, వ్రాతమూలకమైన ఒప్పందము.
మనము ఉన్న రాష్ట్రపు సంస్థ, ఈ సంవత్సరపు ప్రకటన.
తొమ్మిది నెలల ముందు ప్రారంభము.
అంగీకరించిన వక్తల పేర్లే దరఖాస్తులో.
నేతపనివారి రాకపోకలకు, కూలికి ప్రత్యేక పద్దు.
వేరు ఖాతా, ప్రతి ఖర్చునకు రసీదు, గడువులోగా ధృవపత్రము.

ప్రతి ఊరి కార్యవర్గమును రాబోవు సమావేశములో ఈ పాఠమును చదివించి, ఒక్క పని చేయవలెనని కోరుచున్నాను. ఆ సాయంకాలము పదిమంది నేతపనివారిని, పదిమంది కండెలు చుట్టువారిని పిలిచి, “మీ పనిలో మీకు తెలియనిది, తెలిసికొనవలెననిపించునది ఏమి?” అని అడిగి, వారి మాటలలోనే వ్రాసికొనుడు. ఆ కాగితము ఉన్నచో దరఖాస్తులో కష్టమైన సగము వ్రాసినట్లే.